నాయన షష్టిపూర్తికి ఓడలో భోజనం: మన చెన్నైలో కుదిరే పనేనా?

ఒంగోలు పిల్ల
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ ఫోరంలో చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నా.

మా నాయనకి వచ్చే నెల అరవై నిండుతున్నాయి. షష్టిపూర్తి ఒంగోల్లో బంధువుల మధ్య ఎలాగూ చేస్తున్నాం, అదంతా అమ్మ డిపార్ట్‌మెంటు. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరూ షోళింగనల్లూరులో మా ఇంట్లో ఉంటారు. ఆ వారంలో ఒక సాయంత్రం నాయన్ని ఓడ ఎక్కించి, హార్బరంతా తిప్పి చూపించి, ఓడలోనే భోజనం పెట్టించాలని నా కోరిక.

కారణం ఉంది. నాయన ఇరవై రెండేళ్ళు ట్రైలర్ నడిపాడు. చీమకుర్తిలో గ్రానైట్ దిమ్మెలు ఎక్కించుకుని చెన్నై హార్బర్‌లో దించి రావడం. వంతు వచ్చేదాకా బండి నీడలో కిరోసిన్ స్టవ్వు పెట్టుకుని అన్నం, పచ్చిపులుసు వండుకునేవాళ్ళట. మొన్న ఫోన్లో ఉన్నట్టుండి అన్నాడు, "ఓడల కడుపులోకి నా రాళ్ళు ఎన్ని పోయినాయో లెక్కలేదు గానీ, నేను మాత్రం ఒక్కసారీ కాలు పెట్టలేదమ్మా" అని. అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సిడ్నీలో, దుబాయ్‌లో ఇలాంటి డిన్నర్ షిప్పులు ఉంటాయని వీడియోల్లో చూశా. ఇక్కడ ఉన్నాయా? మేం ఆరుగురం, అందులో నాలుగేళ్ళ వాడొకడు. అమ్మకి నీళ్ళంటే భయం. నాయనకి షుగరు, ఎనిమిదిన్నరకల్లా తినాలి.

పులిహోర86
కోర్డీలియా క్రూయిజ్ ఓడ ఉంది కదండీ. మెరీనా నుంచి బయల్దేరుతుంది అనుకుంటా. ఫుల్ ఎంజాయ్.

ఉప్పుగాలి
మెరీనా నుంచా? ఇసుకలోంచి తోస్తారా అన్నా ఓడని? హార్బర్ లోపలి టెర్మినల్ నుంచి అది. 2022 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపి మొదలుపెట్టారు, వైజాగ్ వైపు కూడా నడిచింది. పుదుచ్చేరిలో ఆగాల్సింది, ఓడలో కాసినో ఉందన్న గొడవతో అక్కడి ప్రభుత్వం అప్పట్లో రానివ్వలేదు, పేపర్లన్నీ అదే రాశాయి. ఓడ పేరు ఎంప్రెస్. కొత్తదేం కాదు, 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది, అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. కానీ ఆవిడ అడిగింది సాయంత్రం ఎక్కి రాత్రి దిగేది. ఇది సూట్‌కేసు సర్దుకుని రెండు మూడు రాత్రులు ఉండేది. పైగా ఏడాది పొడవునా చెన్నై నుంచి ఉండదు, సీజన్ చూసుకోవాలి.

పులిహోర86
సరే సరే, ఈ ఫోరంకి తెలుగు కోసం వచ్చా, జాగ్రఫీ కోసం కాదు 😀

ఇంజన్‌రూమ్ బాబాయ్
ఒంగోలు పిల్లా, మీ నాయన మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానమ్మా. నేను మర్చంట్ నేవీలో ఇంజన్ సైడు ముప్పై ఏళ్ళు చేసి ఇప్పుడు పెరంబూరులో కూర్చున్నవాణ్ణి. మీ నాయన లాంటివాళ్ళు దించిన రాళ్ళు మోసిన ఓడల్లో నేనూ ఉండే ఉంటాను.

ముందు చేదు సంగతి. చెన్నై హార్బర్ లోపల తిప్పుతూ భోజనం పెట్టే పడవ లేదు, ఇప్పట్లో రాదు కూడా. దానికి కారణం ఈ రేవు పుట్టుకలోనే ఉంది. సిడ్నీ, హాంకాంగ్ చూడండి, నేలే చేతులు చాచి నీటిని కౌగిలించుకున్నట్టు ఉంటుంది. అల లోపలికి రాదు, టేబుల్ మీద గ్లాసు కదలదు. చెన్నైకి ఆ అదృష్టం లేదు. ఇది తెరిచిన తీరం. పాతకాలంలో ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. మనిషైనా మూటైనా మసూలా పడవల్లోనే ఒడ్డుకి రావాలి. ఆ పడవలకి మేకులుండవు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు, అల కొట్టినప్పుడు పగలకుండా వంగాలని. దొరసానులు తడిసి ముద్దై దిగేవాళ్ళు.

తర్వాత సముద్రంలోకి రాళ్ళు పోసి గోడలు కట్టారు. 1875లో శంకుస్థాపన, 1881 తుఫానుకి కట్టినదాంట్లో చాలావరకు కొట్టుకుపోయింది, మళ్ళీ కట్టారు. మొదట నోరు తూర్పుకి ఉండేది, నేరుగా అల లోపలికి వచ్చేది, ఇసుక మేట వేసేది. ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు 1904లో పోర్టు ట్రస్టు పగ్గాలు పట్టాక ఆ నోరు మూసి ఈశాన్యంలో తెరిచాడు. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈ గోడ దాన్ని ఆపేసింది. అందుకే గోడకి దక్షిణాన మెరీనా అంత వెడల్పు అయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. మీరు మెరీనాలో సుండల్ గుగ్గిళ్ళు తింటూ కూర్చునే ఇసుక ఆ హార్బర్ పెట్టిన భిక్షే.

ఇక ఆ గోడల మధ్య ఉన్న కాస్త నీళ్ళలో భారతి డాక్, అంబేద్కర్ డాక్, జవహర్ డాక్, వాటిలో కంటైనర్లు, చమురు ట్యాంకర్లు, కార్లు ఎక్కించే ఓడలు. 2004 నుంచి ప్రపంచమంతా పోర్టు భద్రత నిబంధనలు బిగిశాయి, ఇక్కడ సీఐఎస్ఎఫ్ కాపలా. అక్కడ బిర్యానీ పడవ తిప్పుతామంటే ఎవరు ఒప్పుకుంటారు చెప్పు.

ఉప్పుగాలి
బాబాయ్ గారూ, హార్బర్ అంటే మా నాయనమ్మ ఎమ్డన్ కథే చెప్పేది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మన్ నౌక వచ్చి హార్బర్ దగ్గర చమురు ట్యాంకుల మీద గుండ్లు వేసి పోయింది కదా. హైకోర్టు గోడకి రాతిఫలకం ఇప్పటికీ ఉంది. ఇక్కడ ఎవడైనా గడుసుగా ఉంటే "వాడు ఎమ్డన్" అంటారు, మేం తెలుగువాళ్ళం కూడా ఇంట్లో అదే మాట వాడతాం. మా మామకి ఆ పేరే స్థిరపడిపోయింది.

షార్జా సుజాత
దుబాయ్ గురించి అడిగారు కాబట్టి. మా అక్క వాళ్ళు అక్కడే, నేనూ నాలుగేళ్ళు ఉండి ఇప్పుడు వలసరవాక్కంలో ఉన్నా. అక్కడి డిన్నర్ పడవని దావ్ అంటారు, పాత చెక్క సరుకు పడవ ఆకారం, కింద ఏసీ, పైన ఓపెన్, లైట్ల తోరణాలు, రంగుల లంగా వేసుకుని గిరగిరా తిరిగే టనూరా డ్యాన్సు. చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్ళాల్సిందే కాబట్టి నేను ఆరుసార్లు ఎక్కా. ఆరుసార్లూ అదే పనీరు, అదే హమ్మస్. నిజం చెప్పాలంటే నాకు అంతకంటే నచ్చింది అబ్రా. ఒక్క దిర్హమ్ ఇచ్చి క్రీక్ దాటించే చిన్న పడవ. అంచున కూర్చుంటే నీళ్ళు చేతికి అందుతాయి, పక్కన ఇరాన్ వెళ్ళే సరుకు పడవల్లో ఫ్రిజ్‌లు, టైర్లు ఎక్కిస్తూ కనిపిస్తారు. మీ నాన్నగారికి ఇలాంటిదే నచ్చుతుందేమో. ఆయన చూడాలనుకునేది సరుకు, బఫే కాదు అనిపిస్తోంది.

కోబె_రిటర్న్
సుజాత గారూ, అన్నీ అలా ఉండవండీ. నేను కంపెనీ పని మీద జపాన్‌లో కోబెలో ఏడాది ఉన్నా. అక్కడ హార్బర్ డిన్నర్ షిప్ అంటే కోట్లు వేసుకుని వచ్చే వ్యవహారం. ఒక్కో వంటకం వరసగా టేబుల్ దగ్గరకే తెస్తారు, పియానో వాయిస్తుంటారు. కిటికీ పక్క సీటుకి వేరే ధర. వెనక రొక్కో కొండలు, ముందు ఎర్రటి పోర్ట్ టవర్. నేను ఎక్కిన ట్రిప్పు అకాషి వంతెన దాకా వెళ్ళింది. ఆ వంతెన మధ్య భాగం 1,991 మీటర్లు. డిజైన్ చేసింది 1,990కే, కడుతుండగా 1995 భూకంపం వచ్చి రెండు టవర్లూ దూరం జరిగాయి, దాదాపు ఒక మీటరు పెరిగింది. 1998లో తెరిచారు. ఓడ దాని కిందకి వచ్చేసరికి భోజనం చేస్తున్న వాళ్ళంతా స్పూన్లు వదిలేసి లేచారు. నా ముందు ఉన్న చేప ముక్క ఏమిటో ఇప్పటికీ తెలీదు, వంతెన మాత్రం కళ్ళలోనే ఉంది.

పులిహోర86
జపాన్ వాళ్ళ చేప, దుబాయ్ వాళ్ళ పనీరు సరే, షోళింగనల్లూరు నుంచి క్యాబ్‌లో వెళ్ళగలిగేది ఒకటి చెప్పండి బాబూ. ముట్టుకాడు అని ఎవరూ అనరేం?

ఓఎంఆర్ ఒంటరి
నేనంటా. ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అదే ఈసీఆర్‌లో కోవళానికి ముందు ముట్టుకాడు బోట్ హౌస్, టూరిజం వాళ్ళది, 1984 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల తేలే రెస్టారెంటు వచ్చింది, 125 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, కింద ఏసీ, పైన ఓపెన్ డెక్. సముద్రంలోకి పోదు, వెనకనీళ్ళలోనే తిరుగుతుంది. మీ అమ్మగారికి అదే మంచిది కదా. శనాదివారాలు మాత్రం వద్దు, ఈసీఆర్ ట్రాఫిక్‌లో మీ నాన్నగారికి పాత ఉద్యోగం గుర్తొస్తుంది.

ఇంకోటి, ఇక్కడ కొంతమంది "సన్‌సెట్ క్రూయిజ్" అంటూ పోస్టర్లు వేస్తారు. మనది తూర్పు తీరం, సూర్యుడు అపార్ట్‌మెంట్ల వెనక మునుగుతాడు. సముద్రం వైపు చూసి ఫొటో కోసం ఎదురుచూస్తే చీకటే. పౌర్ణమి రోజు వెళ్ళండి. ఇటు పొద్దు గుంకే వేళకే అటు నీళ్ళ మీద చంద్రుడు లేస్తాడు.

ఒంగోలు పిల్ల
ఇది బాగుంది! పౌర్ణమి వాళ్ళు ఇక్కడ ఉండే వారంలోనే పడుతోంది. బాబాయ్ గారూ, వెనకనీళ్ళంటే భయం లేదా? అమ్మ అప్పుడే గోదావరి బోటు వార్తలు తీసింది.

ఇంజన్‌రూమ్ బాబాయ్
అమ్మ భయపడటం మంచిదే, భయపడని వాళ్ళతోనే నాకు టెన్షన్.

లోతు తక్కువ అంటే ప్రమాదం తక్కువ అని కాదు. 2009లో కేరళ తేక్కడిలో రెండంతస్తుల బోటు మునిగి 45 మంది పోయారు. అది సరస్సు, తుఫాను లేదు. ఒడ్డున జంతువులు కనిపించాయని అందరూ ఒకవైపుకి పరిగెత్తారు. 2011 క్రిస్మస్ రోజు పులికాట్‌లో, మన ప్రళయకావేరిలో, మన చెన్నై నుంచి సరదాగా వెళ్ళిన వాళ్ళే 22 మంది. 2023లో కేరళ తానూర్‌లో చేపల బోటుని టూరిస్టు బోటుగా మార్చి తిప్పారు, అక్కడా 22. మన కచ్చులూరు సంగతి చెప్పక్కర్లేదు, 2019 సెప్టెంబరు 15, బోటులో 77 మంది, యాభై మంది దాకా పోయారు. ఆ బోటుని గోదావరి అడుగు నుంచి బయటికి లాగడానికి కాకినాడ ధర్మాడి సత్యం బృందానికి నెల దాటింది.

పడవ ఎందుకు బోర్లాపడుతుందో ఇంట్లోనే చూపిస్తా. ఒక వెడల్పాటి పళ్ళెంలో చారు పోసి నడువు. కొంచెం వంగిందా, చారంతా ఆ పక్కకే పోతుంది, పళ్ళెం ఇంకా వంగుతుంది, ఇంకా పోతుంది. బోటు అడుగున నీళ్ళు చేరినా అంతే, మనుషులు ఒకవైపు చేరినా అంతే. పైగా మనుషులు పై అంతస్తులో ఉంటే బరువు పైకి పోతుంది, తలబరువు మూటలా తయారవుతుంది. అందుకే పై డెక్ మీద ఎంతమంది అని లెక్క ఉంటుంది, కింద ఖాళీగా ఉంది కదా అని అందర్నీ పైకి పంపే బోటు ఎక్కవద్దు. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉన్న బోటు ఇలాంటి నీళ్ళలో నిలకడగా ఉంటుంది, పై నుంచి చూస్తే అందంగా ఉండదు, ఓడలా అనిపించదు, అయినా అదే మేలు.

ఎక్కేముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూడు. ఉన్నాయా లేదా కాదు, చెయ్యి చాస్తే అందుతాయా, తాళం వేసిన పెట్టెలో ఉన్నాయా అని. నాలుగేళ్ళ వాడికి పెద్దవాళ్ళ జాకెట్ వేస్తే నీళ్ళలో వాడు కిందికి జారిపోతాడు, జాకెట్ తేలుతుంది. పిల్లల సైజు అడుగు. లేకపోతే ఎక్కొద్దు, సిగ్గుపడొద్దు. రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది పడతారో బోర్డు మీద రాసి ఉండాలి. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. చట్టం ఉంది, చూసే కళ్ళు మనవే.

వంట ఎక్కడ చేస్తారో కూడా అడుగు. మంచి బోటు అయితే ఒడ్డున వండి బోటులో వేడి చేసి పెడతారు. జనం మధ్య గ్యాస్ సిలిండరు పెట్టి దోసెలు వేస్తుంటే నేనైతే దిగిపోతా.

పులిహోర86
చారు పళ్ళెం ప్రయోగం చేశా. మా ఆవిడ తుడిచే గుడ్డ నా చేతికిచ్చింది. థియరీ కరెక్టే బాబాయ్.

రాత్రి బండి
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. వేరే రాష్ట్రంలో, ఊరు చెప్పను, బోటు పేరూ చెప్పను, మా పాప మొదటి పుట్టినరోజుకి ఇరవై మందికి డిన్నర్ క్రూయిజ్ బుక్ చేశా. రెండు గంటల ప్రయాణం అన్నారు. ఎక్కాం, కేక్ కోశాం, సూప్ వచ్చింది, డీజే మొదలైంది. అరగంట తర్వాత మా మామగారు కిటికీలోంచి చూసి "ఇందాకటి ఆ టీ కొట్టే ఇంకా కనిపిస్తోంది అల్లుడూ" అన్నారు. బోటు కదల్లేదు! తాడు కట్టే ఉంది. అడిగితే నీటిమట్టం తగ్గింది, ఈరోజు కదపకూడదు, కానీ డిన్నర్ మాత్రం అదే కదా సార్ అన్నాడు. డబ్బులో పైసా తగ్గించలేదు. మాటామాటా పెరిగి చివరికి మూడు ఐస్‌క్రీములు ఉచితంగా ఇచ్చాడు. మా మామగారు ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కి వచ్చినా "ఇది కదులుతుందా?" అని అడిగి కూర్చుంటారు.

కాబట్టి అక్కా, బుకింగ్ అప్పుడే కదలకపోతే ఎంత వాపసు ఇస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు.

ఉప్పుగాలి
😂😂 ఆ మామగారికి నా నమస్కారాలు చెప్పండి.

పినాకిని తాతయ్య
ఆలస్యంగా చూశాను. మనవరాలు టైప్ చేసి పెడుతోంది, తప్పులుంటే ఆమెవి.

ముట్టుకాడు పేరు చెప్పిన వాళ్ళెవరికీ అక్కడున్న కాలువ గుర్తు రాలేదు. బకింగ్‌హామ్ కాలువ ఆ వెనకనీళ్ళనే దాటుకుని మరక్కాణం వైపు పోతుంది. ఉత్తరాన ఎక్కడ మొదలు? పెదగంజాం. అంటే ఒంగోలు అమ్మాయి వాళ్ళ జిల్లా పక్కనే. వాళ్ళ ఊరి తీరం వెంట వచ్చి, నెల్లూరు, పులికాట్ మీదుగా మద్రాసు చేరి, ఊరి మధ్య నుంచి దక్షిణానికి పోయిన నీటిబాట అది. 1806లో ఎన్నూరు వైపు మొదటి ముక్క తవ్వారు, కాక్రేన్ కాలువ అనేవాళ్ళు. 1876-78 కరువులో కూలి కోసం వచ్చిన జనంతో అడయారు నదికీ కూవం నదికీ మధ్య ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. ఆ కాలువ మట్టి కింద ఆకలి ఉంది.

మా తాత నెల్లూరు నుంచి బియ్యం బస్తాలతో ఈ కాలువ మీదే మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు గట్టు మీద తాడు లాగుతూ నడవడమే. చింతచారు, ఎండుచేప, అన్నం పడవలోనే, ఇసుక పోసిన మట్టి పొయ్యి మీద. మీరు వందలు పోసి కొనే ఓడలో భోజనం ఆయనకి రోజూ ఉండేది, ఒళ్ళు నొప్పులతో సహా. ఇప్పుడు ఊళ్ళో ఆ కాలువ మీద రైలు స్తంభాలు దిగేశాయి, మైలాపూరులో చూడండి.

ఒంగోలు పిల్ల
తాతగారూ, ఇది నాయనకి చదివి వినిపించా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే లారీలకి ముందు మా పని ఈ పడవలోళ్ళు చేశారన్నమాట" అన్నాడు. బుక్ చేసేశా. పౌర్ణమి, ముట్టుకాడు, ఆరుగురం. వచ్చి చెప్తా.

షార్జా సుజాత
ఫొటోలు పెట్టాలి. అమ్మగారు ఏం తిన్నారో కూడా రాయాలి, నాకు అదే ముఖ్యం.

మోడరేటర్
థ్రెడ్‌లో క్యాబ్ ఏజెంట్ల నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి నంబర్లు పెట్టకండి.

ఒంగోలు పిల్ల
వచ్చేశాం. మూడు రోజులైంది, రాయడం కుదరలేదు.

ముందు అమ్మ సంగతి, సుజాత గారి కోసం. శనివారం కాకపోయినా పౌర్ణమి అని ఉల్లి తినను అంది. పెరుగన్నం, ఆవకాయ డబ్బా బ్యాగులో తెచ్చుకుంది. నేను సిగ్గుతో చచ్చా, సర్వర్ కుర్రాడు మాత్రం ప్లేటు తెచ్చిచ్చి "ఊరుగా కొంచెం కుడుంగ అమ్మా" అని అడిగి వేయించుకుని తిన్నాడు. దాంతో అమ్మకి నీటిభయం సగం పోయింది. మిగతా సగం జాకెట్‌తో పోయింది. మా వాడికి పిల్లల సైజే దొరికింది బాబాయ్ గారూ, వాడికి అది ఎంత నచ్చిందంటే క్యాబ్ ఎక్కేటప్పుడు విప్పడానికి ఏడ్చాడు.

నాయన బఫే వైపు వెళ్ళనే లేదు. పైకి వెళ్ళి ముందు నీళ్ళు చూశాడు, తర్వాత చంద్రుణ్ణి చూశాడు, అదీ నేను చెప్తే. రెండు నిమిషాలు. తర్వాత కనిపించలేదు. వెతికితే నడిపేవాడి క్యాబిన్ తలుపు దగ్గర ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త బండి చూసే డ్రైవరు నిలబడతాడే, అలా. సరంగు కడలూరు వైపు మనిషి, నాయనకి వచ్చింది లారీ తమిళం. ఇద్దరికీ సరిపోయింది.

నాయన అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి బ్రేకు ఎక్కడ?" సరంగు లేదన్నాడు. నాయన నమ్మలేదు. బ్రేకు లేని బండిలో ఇంతమందిని ఎట్లా ఎక్కించావు అన్నాడు. అప్పుడు ఆయన రివర్స్ వేసి చూపించాడు. కింద ఫ్యాను తిరగబడి తిరుగుతుంది, వెనక నీళ్ళు తెల్లగా ఉడికినట్టు లేస్తాయి, బోటు మెల్లగా, చాలా మెల్లగా ఆగుతుంది. నాయన ఆ నీళ్ళ వైపు చూస్తూ "లోడు బండితో ఘాట్ దిగినట్టే, గేరు మీద ఆపాలి" అన్నాడు. సరంగు "ఆమా, ఆమా" అన్నాడు. జెట్టీకి చేరేటప్పుడు ఎంత ముందు గేరు తీయాలి, గాలి ఎటు ఉంటే ఎటు తిప్పాలి, వెనక ముందుగా తిరుగుతుందా ముక్కు ముందుగా తిరుగుతుందా, అవే మాటలు. ఎనిమిదిన్నర అని నేను పిలిస్తే ప్లేటు అక్కడికే తెమ్మన్నాడు. నిలబడే తిన్నాడు, రెండు చపాతీలు, కాస్త పప్పు. బండి నీడలో అలాగే తినేవాడేమో.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో అన్నాడు, "బాగుంది గానీ ఇది చెరువులో ఆటోరిక్షా. రాళ్ళు మోసే ఓడ అట్లుండదు. నిజం ఓడ ఎక్కాలంటే ఎట్లా?"

అమ్మ తల పట్టుకుంది. ఇప్పుడు మీరే చెప్పాలి.

ఓఎంఆర్ ఒంటరి
చెరువులో ఆటోరిక్షా 🙏 నేను ఇక ఆ బోటుని వేరే పేరుతో పిలవలేను.

ఇంజన్‌రూమ్ బాబాయ్
ఆయనకి నా నంబరు మోడరేటర్ ద్వారా పంపిస్తా, ఇక్కడ పెడితే తిడతారు.

నిజం ఓడ కావాలంటే అండమాన్ ఓడ ఉంది. చెన్నై హార్బర్ లోపలి నుంచే ఎక్కాలి, అంటే ఆయన లారీతో పోయిన గేట్లలోంచి ఈసారి టికెట్‌తో పోతాడు. పోర్ట్ బ్లెయిర్ దాకా, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, అరవై గంటల పైన. నాంకౌరి, స్వరాజ్ ద్వీప్ లాంటి ఓడలు నడుస్తూ వచ్చాయి. ఆ స్వరాజ్ ద్వీప్ మన వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే, 1,200 మంది పడతారు. 1948లో నెహ్రూ చేత "జల ఉష"ని నీళ్ళలోకి దించిన యార్డు అది. బంక్ క్లాసు చవక, కానీ అరవై ఏళ్ళ మనిషికి వద్దు, క్యాబిన్ తీసుకోండి. ఓడ బయల్దేరే తేదీలు ముందే చూసుకోవాలి, రోజూ ఉండవు, వాతావరణం బట్టి మారతాయి కూడా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం కుదురుగా ఉండదు, జనవరి తర్వాత పెట్టుకోండి.

ఓడ గోడ దాటి బయటికి వెళ్ళేటప్పుడు లోపల కూర్చోవద్దని చెప్పు. డెక్ మీద వెనక వైపు నిలబడమను. క్రేన్లు, రాళ్ళ యార్డులు, లారీల వరస, అన్నీ వెనక్కి పోతూ కనిపిస్తాయి.

పినాకిని తాతయ్య
క్యాంటీన్‌లో మూడు రోజులూ అదే సాంబారు. ఆవకాయ డబ్బా పెద్దది పట్టుకెళ్ళమనండి.

ఒంగోలు పిల్ల
నాయన పక్కనే ఉన్నాడు. జనవరిలో పౌర్ణమి ఎప్పుడని క్యాలెండరు చూస్తున్నాడు. అమ్మ అడుగుతోంది, అండమాన్ ఓడకి కూడా బ్రేకులు ఉండవా అని.

ఇంజన్‌రూమ్ బాబాయ్
ఉండవమ్మా. ఆ సైజుకి ఆగాలంటే కిలోమీటర్లు పడుతుంది. ఈ సంగతి ఆవిడకి ఓడ దిగాక చెప్పండి.